కూలిన మహావృక్షమును తునుకలు చేయునపుడు రయితులు వహింపవలసిన జాగ్రత్తలు

(ఉపన్యాస పాఠము)



గాలివానకు పొలము గట్టుమీది చింతయో, దొడ్డిలోని వేపయో, బాటప్రక్క నిద్రగన్నేరో వేళ్లతోకూడ పెకలి పడుట క్రొత్త సంగతి కాదు. 2014వ సంవత్సరము అక్టోబరు 12వ తేదీని విశాఖపట్టణము చెంత తీరము దాటిన హుద్‌హుద్ తుపానునందు గంటకు సుమారు 180 కిలోమీటర్ల వేగముతో వీచిన గాలికి ఆ ప్రాంతమున లెక్కకు మించిన చెట్లు నేలగూలెను. 2024 ఆగస్టు 5వ తేదీని కొవ్వూరు మండలములోని కుమారదేవమున, గోదావరి గట్టుననున్న సుమారు 150 ఏండ్ల నిద్రగన్నేరు పడిపోయెను. ఆ నెలాఖరుననే ములుగు జిల్లా తాడ్వాయి అడవిలో పెనుగాలికి వేలకొలది వృక్షములు ఒక్క సాయంకాలమున నేలకొరిగెను.

చెట్టు పడినది గదా, ఇక భయమేమున్నదని జనులు తలంతురు. నిలిచిన చెట్టును కొట్టుటకు వెనుదీయు కూలివాడే పడిన చెట్టు మీదికి గొడ్డలి భుజమున వేసికొని ఎక్కిపోవును. ఇది పొరపాటు. నిలిచియున్నంతకాలము చెట్టు బరువు బోదెగుండ తిన్నగా భూమిలోనికి దిగుచుండును. పడిన పిదప ఆ బరువు కొమ్మలమీదను, సగము తెగిన వేళ్లమీదను, గట్టుమీదను, ఒక్కొక్కప్పుడు ప్రక్కచెట్టుమీదను చిక్కుకొని నిలుచును. చిక్కిన బరువు కఱ్ఱను వింటివలె వంచి పెట్టును. ఎక్కడ కోసినను ఏదో యొక వింటినారి తెగుట తప్పదు. ఏ నారి ఎటు తెగునో ముందుగా చూచుకొనుటయే ఈ పనిలో ప్రధానము, కోత తరువాతిది.

పనికి పూర్వము చూడవలసినవి కొన్ని కలవు. కొమ్మలలో విద్యుత్తు తీగ చిక్కియున్నదా? ఉన్నచో తీగ చచ్చినదని ఎవరు చెప్పినను నమ్మక, విద్యుచ్ఛాఖవారు వచ్చి ప్రవాహము నిలిపివేసితిమని తెలుపువఱకు చెట్టును ముట్టరాదు. తడి నేల మీద దాని దాపునకును పోరాదు. తొఱ్ఱలో పాములు, తేనెటీగలు ఉండునని వేఱుగ చెప్ప బనిలేదు. గాలి పూర్తిగా తగ్గువఱకు పని మొదలుపెట్టరాదు.

వేళ్లతో పెకలిన చెట్టునందు మిక్కిలి మోసకరమైనది బోదె కాదు. దాని మొదట గోడవలె లేచి నిలిచిన వేళ్లగడ్డ. పెద్ద చింతకు ఇది మనిషి యెత్తునకు మించి యుండును. అందలి మట్టియే బండ్లకొలది. దీనిని లేపి పట్టియుంచునది అవతల పరచుకొన్న బోదెయొక్కయు కొమ్మలయొక్కయు బరువు. బోదెను కోసి వేఱుచేసిన క్షణమున గడ్డ వెనుకకు గోతిలోనికి ధబాలున పడి, మిగిలిన మొండెము నిట్టనిలువుగా లేవవచ్చును. లేదా ముందునకు ఒరిగి కోయువానిమీదనే పడవచ్చును. ఏది జరుగునో నిశ్చయించి చెప్పుట అనుభవశాలికిని కష్టము. మఱియొక సంగతి పెక్కురకు తెలియదు. కొమ్మలు నఱకి, కొనవైపునుండి మొద్దులు తీసివేయుచు వచ్చినకొలది అవతలి బరువు తగ్గుచుండును. అట్లు తగ్గి తగ్గి, ఎవరును ఎదురుచూడని ఏదో యొక కోత దగ్గఱ గడ్డ తనంతట తాను కూలబడును. కాబట్టి గడ్డను కట్టుట చివరి పని కాదు, మొదటి పని. ట్రాక్టరు గొలుసుతోనో ఉక్కుతాటితోనో బలమైన చెట్టునకు బిగించియో, మట్టి త్రవ్వు యంత్రపు తొండముతో ఒత్తిపట్టియో దానిని నిలుపవలెను. బిగిసిన గొలుసు వెంబడి ఎవరును నిలువరాదు; తెగిన గొలుసు కొరడావలె కొట్టును. గడ్డనుండి కనీసము 6 అడుగులు విడిచి బోదెను కోయవలెను. గడ్డ ముందునకు ఒరిగినచో ఆ మొండెము ఊతకోలవలె అడ్డుపడును. గడ్డ వెనుకనున్న గోతిలోనికి ఏ పనిమీదను దిగరాదు. పిల్లలు అందు ఆడుకొందురు, మేకలు నీడకు చేరును. ప్రతిదినము పని మొదలుపెట్టుటకు ముందు ఒక మనిషి పోయి గోతిని కన్నులార చూచి రావలెను. సాయంకాలమున గడ్డను కట్టివేయకుండ విడిచి యింటికి పోరాదు.

కొమ్మలను నఱకునపుడు పైకి లేచి గాలిలోనున్నవానిని ముందుగ తీయవలెను. చెట్టు మోచేతులు ఆనించినట్లు నేలకు గ్రుచ్చుకొని బోదెను మోయుచున్న కొమ్మలను కడపట తీయవలెను. అదియు బోదెకు ఇరుప్రక్కల దిమ్మలు బిగించిన పిమ్మటనే. వాలు నేలయైనచో ఎగువవైపుననే నిలువవలెను. పెద్ద కొమ్మ క్రింద చిక్కి వంగియున్న చిన్నచెట్లు, మండలు చూచుటకు అల్పములే గాని, తెగినపుడు ముఖమునకు తగులునవి అవియే.

ఇక బోదె కోత. పచ్చి వేపమండ నొకటి రెండు రాళ్లమీద అడ్డముగ నుంచి నడుమ నొక్కి చూచినచో, పైబెరడు ముడుతలు పడుటయు క్రింది బెరడు సాగి చీలుటయు కనబడును. పైవైపు ఒత్తుడు, క్రిందివైపు బిగువు. పెద్ద బోదెయు ఇంతే. అది రెండు కొనలయందు ఆనుకొని నడుమ బోలుగా నున్నచో, ముందుగ పైనుండి మూడవవంతు లోతు మించకుండ కోసి, చాలు మూసికొనుట మొదలుకాగానే ఆపి, తక్కిన కోత క్రిందినుండి పైకి పూర్తి చేయవలెను. పైనుండియే తుదివఱకు కోసినచో ఱంపము చాలులో బిగిసికొని పోవును; దానిని ఊడబెఱుకుటకై బోదె క్రింద దూరిన మనుష్యునకు ఆపద మూడును. ఒక కొన మాత్రమే ఆనుకొని రెండవకొన గాలిలో వ్రేలాడుచున్నచో క్రమము తలక్రిందగును: బిగువు పైన, ఒత్తుడు క్రింద. ముందు క్రిందినుండి మూడవవంతు, పిమ్మట పైనుండి తక్కినది. దీనిని పైనుండియే కోసినచో బోదె నిలువునా చీలి లేచి కోయువాని గడ్డమునకు తగులును; కలపయు పాడగును. బోదె ప్రక్కకు వంగి రెండు చెట్లనడుమ ఇఱుకుకొన్నచో, వంపు లోపలివైపుననే నిలిచి లోవైపు ముందు కోయవలెను. తెగిన కఱ్ఱ ఉబ్బిన వైపునకే ఎగురును. నేలకు సమముగ పరచుకొన్న బోదెకు ఈ చిక్కులు తక్కువ. పైనుండి ముప్పాతిక కోసి, చాలులో కఱ్ఱ చీలలు దిగగొట్టి, గునపములతో దొర్లించి, తక్కినది మఱియొక వైపునుండి కోయవచ్చును. ఱంపపు పండ్లు మట్టిని తాకకుండుటకు ఇదియే ఉపాయము.

యంత్రపు ఱంపము ఒక్కదినమున పది గొడ్డళ్ల పని చేయును. అయితే గొడ్డలికి లేని దుర్గుణ మొకటి దానికి కలదు. బద్ద కొన పైభాగము వేఱొక కొమ్మకు తగిలినంతమాత్రమున ఱంపము వెనుకకు ఎగిరి పట్టినవాని ముఖమునకో మెడకో వచ్చును. ఆ వేగమునకు మనుష్యుడు చేయి అడ్డుపెట్టజాలడు. కావున రెండుచేతులతో బ్రొటనవ్రేళ్లు చుట్టి పట్టవలెను, భుజమునకు మించిన యెత్తున కోయరాదు, కొనతో పొడువరాదు. పంచె కొంగు, తువాలు వ్రేలాడరాదు. తలకు టోపీ, కండ్లకు అద్దములు, కాళ్లకు గట్టి బూట్లు ఉండవలెను. వేడి యంత్రములో పెట్రోలు పోయరాదు. తక్కినవారు 15 అడుగుల లోపలికి రాకూడదు. ఒంటరిగ ఎవ్వరును పని చేయరాదు; 108 బండిని పిలుచుటకు ఫోను గలవాడొకడు దగ్గఱ నుండవలెను.

మొద్దు బరువును జనులు తక్కువగ అంచనా వేయుదురు. 3 అడుగుల అడ్డుకొలత, 6 అడుగుల పొడవుగల పచ్చి మొద్దు నీటియంత బరువే యనుకొన్నను సుమారు 1,200 కిలోగ్రాములుండును. అనగా 75 కిలోల ధాన్యపు బస్తాలు 16. అది దొర్లుట మొదలుపెట్టిన పిమ్మట నలుగురు మనుష్యులు ఆపలేరు. ప్రతి కోతకు ముందు మొద్దునకు దిగువవైపున దిమ్మ పెట్టవలెను.

పొలము యజమాని చేయు ఏర్పాటులోనే సగము అపాయము పుట్టును. చెట్టంతయు ఇంత సొమ్మని గుత్తకిచ్చినచో కూలివాడు త్వరపడును. పంట వేయు అదను తప్పుచున్నదని యజమానియు త్వరపెట్టును. ఊరివారు కట్టెపుల్లలకై పిల్లలతోకూడ ఎగబడుదురు. ఇట్టి పనికి దినకూలి ఇచ్చి, తెలిసిన పెద్దమేస్త్రీ మాటనే నడిపించి, కట్టెలు ఏరుకొనువారిని సాయంకాలమే రమ్మనుట మేలు. పదిగుంటల చెక్క నాలుగుదినములు పడావుగ నున్నంతమాత్రమున రయితు చెడిపోడు. చెట్టు మిక్కిలి పెద్దదై, ఇంటిమీదనో వంతెనమీదనో ఒరిగియున్నచో కూలీలను పిలువక, ఎత్తు యంత్రము గలవారిని పిలిపించుటయే చౌక.

చింత చేవ గానుగలకును, రోకళ్లకును, మాంసము కొట్టు మొద్దులకును పనికివచ్చును. కావున వంటచెఱకుకై చిన్నచిన్న ముక్కలుగ తెగగొట్టుటకు ముందు కొనువానిని విచారించి పొడవులు నిర్ణయింపవలెను. కోసిన కొనలకు పేడ మెత్తి నీడను ఉంచినచో పగుళ్లు తగ్గును. 2002వ సంవత్సరపు నీరు, భూమి, చెట్ల చట్టము ననుసరించి చెట్లు కొట్టుటకు అనుమతి కావలెను; పడిన చెట్టైనను కలపను ఊరు దాటించుటకు పూర్వము తహశీలుదారునకును అటవీశాఖవారికిని అర్జీ పెట్టి, రవాణా పర్మిటు సంగతి విచారించుకొనవలెను. పడినదినముననే నాలుగువైపుల ఫోటోలు తీయించి, గ్రామాధికారిచే పంచనామా వ్రాయించి యుంచుకొన్నచో, పచ్చిచెట్టు కొట్టినాడను నింద రాదు. మొద్దులన్నియు తరలిన పిమ్మట వేళ్లగడ్డను యంత్రముతో మెల్లగ గోతిలోనికి దింపించి, గోతిని పూడ్పించి, ఒక వర్షాకాలము నేల కుదురుకొనిన మీదటనే అచ్చట నాగలి నడిపింపవలెను.