కువైత్ ఎంత దూరం?
(వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)





కువైత్ ఎంత దూరమని మన ఇళ్లలో పిల్లలు అడుగుతుంటారు. చెన్నై నుండి గగన మార్గాన దాదాపు 3,800 కిలోమీటర్లు. నేరుగా వెళ్లే విమానానికి సుమారు ఐదు గంటలు. అక్కడి గడియారం మనకన్నా రెండున్నర గంటలు వెనక. అందుకే ఉదయం 6 గంటలకు చెన్నైలో బయలుదేరినవారు అక్కడి 8.30కే దిగినట్టు టికెట్ మీద ఉంటుంది. తిరుగు ప్రయాణంలో అవే ఐదు గంటలు ఏడు గంటలకు పైగా కనబడతాయి.

అయితే రేణిగుంట నుండి కువైత్‌కు నేరుగా విమానం లేదు. చెన్నైకో బెంగళూరుకో పోవాలి. చిత్తూరు నుండి చెన్నై విమానాశ్రయానికి 150 కిలోమీటర్ల పైచిలుకు, అంటే మూడు నాలుగు గంటల దారి. అక్కడ మూడు గంటల ముందే ఉండాలి. గడప నుండి గడపకు లెక్కేస్తే పన్నెండు పదమూడు గంటలు.

ఈ లెక్క కూడా చాలదని మాకు ఈ ఏడాదే తెలిసింది. చిత్తూరులో ఒక తల్లి ఫజర్ వేళ కన్నుమూసింది. కొడుకు కువైత్‌లో ఒక కంపెనీ డ్రైవరు. "ఐదు గంటలే కదా భాయ్, అమ్మను ఆపండి" అని ఫోన్ చేశాడు. చేతిలో టికెట్ డబ్బు లేదు. 2025 జులై 1 నుండి అక్కడ ప్రైవేటు సంస్థల్లో పనిచేసే విదేశీయులు దేశం దాటాలంటే యజమాని ఆమోదించిన అనుమతి కూడా ఉండాలి. అనుమతి సాయంత్రానికే దొరికింది. మన నిధిలో డబ్బూ ఉంది. కానీ కమిటీ సంతకాలు కుదిరేసరికి మరునాడు మధ్యాహ్నమైంది. జనాజాను ఆలస్యం చేయరాదు కనుక అసర్ తర్వాత దఫన్ చేశాం. అతను మూడో రోజు వచ్చి ఖబరు దగ్గర నిలబడ్డాడు. మమ్మల్ని ఒక్క మాట అనలేదు. అదే మాకు ఎక్కువ బరువైంది.

అందుకే మీ ముందు రెండు విన్నపాలు ఉంచుతున్నాం. ఒకటి, అత్యవసర ప్రయాణాలకు కొంత మొత్తం విడిగా ఉంచాలి. ఇద్దరు బాధ్యుల మాటతో అదే గంటలో అందాలి, లెక్క తర్వాత కమిటీకి చూపాలి. జకాత్‌కు అర్హులైన ఎనిమిది వర్గాల్లో దారిలో చిక్కుబడిన బాటసారి, ఇబ్నుస్సబీల్, ఒకరు. సొంత ఊళ్లో ఆస్తి ఉన్నా ఆ క్షణాన చేతిలో లేనివారికీ ఆ హక్కు ఉంది. ఏ సందర్భానికి జకాత్, దేనికి సదఖా అన్నది ఉలమాలను అడిగి నడుచుకుందాం.

రెండు, గల్ఫ్‌లో మనవారున్న ప్రతి ఇల్లూ పాస్‌పోర్టు నకలు, అక్కడి సివిల్ ఐడీ నెంబరు, యజమాని ఫోను నెంబరు రాసి దాచుకోవాలి. పని మీద వెళ్లేవారు ప్రవాసీ భారతీయ బీమా యోజన కాగితం ఒకటి ఇంట్లో ఉంచి వెళ్లాలి. ప్రమాదంలో మరణించినా, శాశ్వత వైకల్యం కలిగినా 10 లక్షల రూపాయల బీమా అది. కష్టంలో ఉన్నవారికి భారత రాయబార కార్యాలయంలో సంక్షేమ నిధి ఉందని కూడా ఇంట్లోవారికి తెలియాలి.

ఆకాశంలోని ఐదు గంటలను మనం తగ్గించలేం. మన సంతకాల కోసం పోయిన ఆ ఒక్క రోజును తగ్గించగలం. అల్లాహ్ ఆ తల్లికి మగ్ఫిరత్ ప్రసాదించుగాక, మీ దానాన్ని స్వీకరించుగాక. ఆమీన్.