తాకిడి కాదు, వాయువు: ఢీకొనే గెలాక్సీలలో నక్షత్రాల పుట్టుక

ఖగోళ శాస్త్రవేత్త వైను బప్పు గారి స్మృతిలో మాట్లాడవలసిన ఈ సాయంత్రానికి నక్షత్రాల పుట్టుకను ఎంచుకోవడానికి ఒక కారణం ఉంది. ఆయన తండ్రి హైదరాబాదులో నిజామియా వేధశాల ఉద్యోగి. బప్పు గారు నిజాం కళాశాలలో చదివి, హైదరాబాదు ప్రభుత్వం ఇచ్చిన విద్యార్థి వేతనంతో హార్వర్డ్‌కు వెళ్ళి, 1949లో అక్కడ ఒక తోకచుక్కను కనిపెట్టారు. ఆ తోకచుక్కకు ఆయన పేరుతో పాటు బార్ట్ బాక్, గోర్డన్ న్యూకర్క్‌ల పేర్లు కూడా ఉన్నాయి. ఆ బాక్ అంతకు రెండేళ్ళ ముందు, 1947లో, నీహారికల వెలుగు మీద నల్లటి మచ్చల్లా కనిపించే చిన్న మబ్బు ఉండలలోనే నక్షత్రాలు రూపుకడుతున్నాయని ప్రతిపాదించాడు. ఆ ఉండల లోపల పసి నక్షత్రాలు నిజంగానే ఉన్నాయని పరారుణ కొలతలు రుజువు చేసేసరికి 1990 వచ్చింది. బాక్ చూపిన నక్షత్ర గర్భం చల్లగా, చీకటిగా, కదలిక తక్కువగా ఉంటుంది. అయితే విశ్వంలో అన్నిటికంటే తీవ్రంగా నక్షత్రాలు పుడుతున్న చోట్లు చూస్తే, రెండు గెలాక్సీలు ఒకదానిలోకి ఒకటి దూసుకుపోతున్న చోట్లుగా తేలుతున్నాయి. ఈ రెండు సత్యాలు ఎలా పొసగుతాయి? తాకిడి నక్షత్రాలను పుట్టించదని, అది వాయువును ఒకచోటి నుంచి మరోచోటికి తరలిస్తుందని, ఆ వాయువు ఏ స్థితిలో ఎక్కడికి చేరిందన్నదే మిగతా అంతా నిర్ణయిస్తుందని ఇవాళ నేను వాదిస్తాను. డెబ్భై ఏళ్ళ పరిశోధన చరిత్ర నన్ను ఈ అభిప్రాయానికి తీసుకువచ్చింది.

గెలాక్సీలు ఢీకొంటాయనగానే నక్షత్రాలు ఒకదానికొకటి తగులుకుంటాయని అనిపిస్తుంది. అది జరగదు. సూర్యుణ్ణి ఒక మిరియపు గింజ అనుకుని హైదరాబాదులో పెడితే, మనకు అతి దగ్గరి పొరుగు నక్షత్రం వరంగల్ దరిదాపుల్లో మరో గింజ అవుతుంది. ఇంత ఖాళీలో రెండు గింజల గుంపులు ఒకదానిలోంచి ఒకటి దాటిపోయినా ఏ గింజా మరో గింజకు తగలదు. వాయువు సంగతి వేరు. అది చోటంతా ఆక్రమించి ఉంటుంది కనుక ఎదురువచ్చే వాయువును తప్పించుకోలేదు. 1951లో లైమన్ స్పిట్జర్, వాల్టర్ బాడే ఈ తేడా మీదనే ఆధారపడి ఒక ముగింపుకు వచ్చారు. దట్టమైన గెలాక్సీ గుంపులలో రెండు గెలాక్సీలు ఢీకొంటే నక్షత్రాలు యథాప్రకారం సాగిపోతాయని, వాయువు మాత్రం మధ్యలో చిక్కుకుని బయటికి ఊడ్చుకుపోతుందని చెప్పారు. అంటే తొలి సిద్ధాంతం ప్రకారం తాకిడి నక్షత్రాల పుట్టుకను ఆపేస్తుంది. మనం ఇవాళ పాఠ్యపుస్తకాలలో చదివేదానికి ఇది పూర్తిగా తలకిందులు. అయినా దాన్ని తప్పుగా కొట్టిపారేయడం న్యాయం కాదు. నేరుగా, మహావేగంతో జరిగే తాకిడులలో వాళ్ళు చెప్పిన పరిణామమే జరుగుతుందని తర్వాత చూడబోతున్నాం.

నెమ్మదిగా, ఓరగా జరిగే కలయికలలో ఏమవుతుందన్న ప్రశ్నను మొదట చేపట్టినవాడు స్వీడన్‌లోని ఎరిక్ హోమ్‌బర్గ్. కంప్యూటర్లు లేని 1941లో, ఒక్కో గెలాక్సీకి 37 చొప్పున మొత్తం 74 విద్యుత్ దీపాలు పేర్చి, ఒక్కోచోట పడే వెలుగును కొలిచి దాన్నే గురుత్వాకర్షణగా లెక్కించాడు. వెలుగు, ఆకర్షణ రెండూ దూరం వర్గానికి విలోమంగా తగ్గుతాయి కనుక ఈ ఉపాయం పనిచేసింది. దగ్గరగా వచ్చిన గెలాక్సీలు పరస్పరం ఆకారాలు చెడగొట్టుకుని, శక్తి కోల్పోయి, చివరికి ఒకదానికొకటి బందీలు కాగలవని తేలింది. ఆ తర్వాత వింత ఆకారాల జాబితాలు వచ్చాయి. 1959లో వొరొంత్సోవ్-వెల్యామినోవ్ అట్లాసు, 1966లో 338 అంశాలతో హాల్టన్ ఆర్ప్ అట్లాసు వెలువడ్డాయి. ఆ ఫోటోలలో సన్నటి పొడవాటి తోకలు కనిపించాయి. ఆటుపోట్ల బలం వెడల్పైన పొంగులను తేవాలి గాని ఇంత సన్నటి తోకలను ఎలా లాగుతుందని చాలామంది అభ్యంతరం చెప్పారు. దానికి 1972లో అలార్ టూమ్రే, యూరీ టూమ్రే సోదరులు జవాబిచ్చారు. ఒక గెలాక్సీ పళ్ళెం తిరిగే దిశలోనే రెండోది దాటితే కొసన ఉన్న నక్షత్రాలు దానితో పాటు చాలాసేపు లాగబడతాయని, పలచటి రిబ్బనులా విడిపోతాయని, దాన్ని అంచు నుంచి చూస్తే సన్నటి తోకగా కనిపిస్తుందని లెక్క కట్టి చూపారు. ఆ వ్యాసంలోనే వాళ్ళు మరో మాట అన్నారు. ఇలాంటి కలయిక వాయువును కేంద్రంలోకి తోసి అక్కడి కొలిమికి కొత్త ఇంధనం అందించవచ్చు. అప్పటికి అది ఊహ మాత్రమే.

ఊహకు కొలత తోడైంది 1978లో. రిచర్డ్ లార్సన్, బియాట్రిస్ టిన్స్లీ కలిసి చేసిన పని ఈ చరిత్రలో అసలైన మలుపని నా అభిప్రాయం. మామూలు గెలాక్సీల రంగులను, ఆర్ప్ అట్లాసులోని వింత గెలాక్సీల రంగులను పక్కపక్కన పెట్టి చూశారు. మామూలు గెలాక్సీలు ఒక సన్నటి బాటలో బారులు తీరాయి. వింతవి చెల్లాచెదురయ్యాయి. నక్షత్రాల పుట్టుక నిలకడగా సాగుతుంటే రంగు నెమ్మదిగా మారుతుంది. ఉన్నట్టుండి కొద్దికాలం పాటు ఉద్ధృతంగా సాగి తగ్గిపోతేనే ఇంత చెదురుగా కనబడుతుంది. రెండు కోట్ల ఏళ్ళంత కొద్దికాలంలో ముగిసే ఇలాంటి నక్షత్ర జనన పేలుళ్ళు కూడా వాళ్ళ లెక్కకు సరిపోయాయి. కావాలని వింతవాటిని ఏరుకుంటే వింత ఫలితం రాక ఏమవుతుందని ఎవరైనా అడగవచ్చు. కాని ఆర్ప్ వాటిని ఆకారం చూసి ఏరాడు, రంగు చూసి కాదు. పైగా ఆ చెదురు ముఖ్యంగా ఆటుపోట్ల జాడలున్న గెలాక్సీలలోనే కనిపించింది. టిన్స్లీ 1981లో నలభై ఏళ్ళ వయసులో కన్నుమూసింది. ఆ పత్రానికి వచ్చిన గొప్ప రుజువును ఆమె చూడలేదు.

ఆ రుజువు 1983 జనవరిలో ప్రయోగించిన ఐరాస్ ఉపగ్రహం నుంచి వచ్చింది. పది నెలలు పనిచేసిన ఆ పరారుణ దూరదర్శిని, మామూలు ఫోటోలలో మసకగా ఉన్న కొన్ని గెలాక్సీలు పరారుణంలో సూర్యుడికి లక్ష కోట్ల రెట్లు మించి వెలుగుతున్నాయని చూపింది. వాటిలో మనకు అతి దగ్గరిదైన ఆర్ప్ 220 దాదాపు 25 కోట్ల కాంతి సంవత్సరాల దూరంలో ఉంది. దాని ధూళి వెనుక రెండు కేంద్రకాలు సుమారు 1,200 కాంతి సంవత్సరాల ఎడంతో దాగి ఉన్నాయి. పాలపుంతలో ఏటా ఒకటి రెండు సూర్యుల బరువు వాయువు నక్షత్రాలుగా మారుతుంటే, అక్కడ ఏటా రెండు వందల సూర్యుల దాకా మారుతోంది. ఈ స్థాయి గెలాక్సీలలో దాదాపు అన్నీ కలిసిపోతున్న జంటలే. అయితే ఆ వెలుగు నక్షత్రాలది కాదని, ధూళి చాటున దాగిన కృష్ణబిలానిదని బలమైన వాదన వచ్చింది. డేవిడ్ శాండర్స్ బృందం 1988లో ఈ దశ, కృష్ణబిలం వల్ల వెలిగే క్వేజార్‌కు ముందుమెట్టని చెప్పింది. ఈ అభ్యంతరాన్ని తేలిగ్గా తీసుకోలేం, కృష్ణబిలాలు అక్కడ నిజంగానే ఉన్నాయి. కాని 1998లో రైన్‌హార్డ్ గెంజెల్ బృందం పరారుణ వర్ణపటాలను పరిశీలించి, తాము చూసిన 15 గెలాక్సీలలో 70 నుంచి 80 శాతం ప్రధానంగా కొత్త నక్షత్రాల వల్లనే వెలుగుతున్నాయని తేల్చింది. అదే ఏడాది ఆర్ప్ 220 కేంద్రంలో డజను వరకు సూపర్‌నోవాలు రేడియో తరంగాలలో విడివిడిగా కనిపించాయి. పెద్ద నక్షత్రాలు గుంపులుగా పుట్టనిదే అన్ని సూపర్‌నోవాలు ఒకచోట పేలవు.

మరి అంత వాయువు కేంద్రానికి ఎలా చేరింది? గెలాక్సీలో తిరిగే వాయువుకు కోణీయ ద్రవ్యవేగం ఉంటుంది, దాన్ని వదిలించుకోనిదే లోపలికి రాలేదు. 1990లలో జాషువా బార్న్స్, లార్స్ హెర్న్‌క్విస్ట్ కంప్యూటర్ నమూనాలు ఆ మార్గాన్ని చూపాయి. పొరుగు గెలాక్సీ లాగుడుకు నక్షత్రాలు, వాయువు రెండూ పట్టీలుగా సాగుతాయి. వాయువు పట్టీ కొంచెం ముందుంటుంది, నక్షత్రాల పట్టీ వెనకబడి దాన్ని పట్టి లాగుతుంది. ఆ లాగుడుకు వాయువు తన కోణీయ ద్రవ్యవేగాన్ని నక్షత్రాలకు ఇచ్చేసి కేంద్రంలోకి జారుతుంది. 1996లో క్రిస్ మిహోస్, హెర్న్‌క్విస్ట్ ఇంకొంచెం ముందుకు వెళ్ళారు. గెలాక్సీ మధ్యలో నక్షత్రాల ఉబ్బు బలంగా ఉంటే పట్టీ త్వరగా ఏర్పడదు, పేలుడు చివరి కలయిక దాకా ఆగుతుంది. ఉబ్బు లేకపోతే తొలిసారి దగ్గరగా దాటినప్పుడే వాయువు ఖర్చైపోతుంది. ఒకే తాకిడికి గెలాక్సీ లోపలి నిర్మాణాన్ని బట్టి రెండు వేర్వేరు ఫలితాలు వస్తున్నాయన్నమాట. తాకిడి తీవ్రత ఒక్కటే చాలదనడానికి ఇది మొదటి గట్టి సూచన.

కేంద్రంలోకి జారడంతోనే కథ పూర్తయితే బాగుండేది. కాని ఆకాశంలో హస్తా నక్షత్రం ఉన్న ప్రాంతంలో, దాదాపు 7 కోట్ల కాంతి సంవత్సరాల దూరంలో, యాంటెన్నే అనే గెలాక్సీ జంట ఉంది. 1995లో బ్రాడ్లీ విట్‌మోర్, ఫ్రాన్స్వా ష్వైజర్ హబుల్ చిత్రాలలో అక్కడ 700కు పైగా పడుచు నక్షత్రగుచ్ఛాలను లెక్కపెట్టారు. అవి కేంద్రాలలో పోగుపడి లేవు, పళ్ళేల నిండా పరుచుకుని ఉన్నాయి. 1998లో ఐరోపా పరారుణ ఉపగ్రహం కొలతలు అన్నిటికంటే ఉద్ధృతమైన పుట్టుక కేంద్రకాలలో గాక, రెండు పళ్ళేలు అతివ్యాపించే ధూళి ప్రాంతంలో జరుగుతోందని చూపాయి. దీనికి భౌతిక కారణాన్ని ముందుగా ఆలోచించినవారిలో బెంగళూరు భారత విజ్ఞాన సంస్థకు చెందిన చందా జోగ్ ఉన్నారు. ఫిలిప్ సాలమన్‌తో కలిసి 1992లో ఆమె చెప్పినది ఇది: పెద్ద అణుమేఘాలు అరుదైనవి, అవి నేరుగా ఢీకొనే అవకాశం తక్కువ. వాటి మధ్య విరివిగా వ్యాపించిన పరమాణు హైడ్రోజన్ మేఘాలు ఢీకొని మహావేడిగా మారతాయి. ఆ వేడి వాయువు ఒత్తిడి అణుమేఘాలను అన్ని వైపుల నుంచి నొక్కితే, వాటి పైపొరలు కుదించుకుని నక్షత్రాలవుతాయి. వేడెక్కిన వాయువులో నక్షత్రాలు పుట్టవు. అది నొక్కిన చల్లని వాయువులో పుడతాయి. 2010 తర్వాత వచ్చిన సూక్ష్మమైన నమూనాలు కూడా తాకిడి వల్ల పుట్టే కల్లోలం, కొన్నిచోట్ల లోపలికి నొక్కే ఆటుపోట్లు పళ్ళెమంతటా దట్టమైన ముద్దలను చేస్తాయని బలపరిచాయి. బాక్ చూసిన చల్లని ఉండ, ఆర్ప్ 220లోని ఉత్పాతం ఇక్కడ కలుస్తాయి. రెండుచోట్లా నక్షత్రం పుట్టేది దట్టమైన చల్లని ముద్దలోనే.

ఈ వాదానికి నాకు దొరికిన అతి గట్టి సాక్ష్యం నక్షత్రాలు పుట్టని చోట ఉంది. యూజీసీ 12914, 12915 అనే జంట కొద్ది కోట్ల ఏళ్ళ క్రితం ఎదురెదురుగా ఢీకొని, ఒకదానిలోంచి ఒకటి దాటి విడిపోతున్నాయి. 1993లో జేమ్స్ కాండన్ బృందం వాటి మధ్య సాగిన రేడియో వంతెనను కనిపెట్టి వాటికి టాఫీ గెలాక్సీలని పేరు పెట్టింది. ఆ వంతెనలో వంద కోట్ల సూర్యుల బరువుకు మించిన అణువాయువు ఉంది. తాకిడి కావలసినంత జరిగింది, వాయువూ కావలసినంత ఉంది. అయినా అక్కడ ఒకచోట తప్ప చెప్పుకోదగ్గ నక్షత్ర జననం లేదు. వంతెనలోని వాయువు ఇంకా కల్లోలంలో ఉంది, దాని హైడ్రోజన్ అణువులు తాకిడి ఆఘాతాలకు వేడెక్కి పరారుణంలో మెరుస్తున్నాయి, ముద్ద కట్టే తీరిక వాయువుకు లేదు. స్పిట్జర్, బాడే 1951లో ఊహించిన పరిణామానికి ఇంత దగ్గరి ఉదాహరణ మరొకటి నాకు తెలియదు. దీనికి రెండో వైపున 2004లో యూ గావో, ఫిలిప్ సాలమన్ చేసిన కొలత ఉంది. హైడ్రోజన్ సయనైడ్ అణువు అతి దట్టమైన వాయువులోనే వెలుగుతుంది. మామూలు గెలాక్సీల నుంచి ఆర్ప్ 220 వంటివాటి దాకా 65 గెలాక్సీలను పరిశీలిస్తే, పరారుణ కాంతి ఆ అణువు వెలుగుతో సూటిగా, ఒకే నిష్పత్తిలో పెరిగింది. మొత్తం వాయువుతో చూస్తే అంత సూటి సంబంధం లేదు. దట్టమైన వాయువు ఎంత ఉంటే అన్ని నక్షత్రాలు. అది తాకిడి వల్ల పోగైందా, ప్రశాంతంగా తిరిగే సర్పిల గెలాక్సీలో పోగైందా అన్నది ఆ కొలతకు తేడా పడలేదు.

ఇక గణాంకాల అభ్యంతరం. తాకిడికి నక్షత్ర జననంలో అంత పాత్ర ఉంటే గెలాక్సీ జంటలన్నీ మండిపోవాలి కదా? మండిపోవడం లేదు. ఆకాశ సర్వేలలో వేల జంటలను పరిశీలిస్తే దగ్గరి జంటలలో పుట్టుక సగటున రెండు రెట్లు, ఇటీవలే కలిసిపోయినవాటిలో మూడున్నర రెట్ల వరకు పెరుగుతోంది. 2008లో పావోలా డి మాటియో బృందం వందల కృత్రిమ తాకిడులను నడిపితే, ఐదు రెట్లు మించి పెరిగినవి 15 శాతమే. వెయ్యి కోట్ల ఏళ్ళకు పూర్వం, నక్షత్ర జననం శిఖరాన ఉన్న కాలంలో కూడా మామూలు వేగాన్ని ఎంతో మించిన గెలాక్సీలు సుమారు 2 శాతమే అని, ఆనాటి కొత్త నక్షత్రాలలో వాటి వాటా దాదాపు పదోవంతు మాత్రమే అని జూలియా రోడిఘియెరో బృందం 2011లో తేల్చింది. విశ్వంలోని నక్షత్రాలలో అత్యధికం తాకిడుల బిడ్డలు కావు. ఈ లెక్కలు చూసి కొందరు తాకిడుల కథంతా అతిశయోక్తి అంటారు. నేను ఒప్పుకోను. ఆనాటి గెలాక్సీలలో వాయువు ఇప్పటికంటే ఎన్నో రెట్లు ఎక్కువ, పళ్ళేలు అప్పటికే కల్లోలంగా, ముద్దలు కట్టి ఉండేవి. వాటికి తాకిడి అదనంగా చేయగలిగింది తక్కువ. ఇవాళ పళ్ళేలు పలచబడ్డాయి కనుక అదే తాకిడి కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. సగటు తక్కువగా ఉండటం నా వాదానికి అడ్డు కాదు. తాకిడి తనంతట తానే కారణమైతేనే సగటు ఎక్కువగా ఉండాలి.

పేలుడు ముగిశాక ఏమిటన్నది కూడా ఇదే దారిలో చూడాలి. ఎన్‌జీసీ 7252 రెండు పళ్ళేలు కలిసిపోయిన గెలాక్సీ అని ష్వైజర్ 1982లో చూపాడు, దాని రెండు తోకలు ఇప్పటికీ ఉన్నాయి. 2015 సెప్టెంబరులో శ్రీహరికోట నుంచి బయలుదేరిన ఆస్ట్రోశాట్‌లోని అతినీలలోహిత దూరదర్శిని దాన్ని చూసినప్పుడు, కేంద్రం చుట్టూ ఒక వలయంలో మిగతా భాగం కంటే పడుచు నక్షత్రాలు కనిపించాయి. నడిమధ్యలో పుట్టుక అణిగి ఉంది. అక్కడి కృష్ణబిలం గతంలో వాయువును చెదరగొట్టి ఉండవచ్చని ఆ చిత్రాలను పరిశీలించిన పరిశోధకులు సూచించారు. పాలపుంత, ఆండ్రోమెడా వచ్చే వెయ్యి కోట్ల ఏళ్ళలో కలిసిపోయే అవకాశం దాదాపు సగమని 2025లో వెలువడిన లెక్కలు చెబుతున్నాయి. అది జరిగినా అక్కడ మరో ఆర్ప్ 220ని ఆశించడానికి కారణం కనబడదు. ఇప్పటికే ఈ రెండింటిలోనూ నక్షత్రాల బరువుతో పోలిస్తే వాయువు బాగా తక్కువ. ఆనాటికి ఎంత చల్లని వాయువు మిగులుతుందో, బయటి నుంచి కొత్తగా ఎంత వచ్చి చేరుతుందో, దానిలో ఎంత దట్టమైన ముద్దలుగా మారగలదో లెక్కకు అందితే ఆ కలయికలో ఎన్ని నక్షత్రాలు పుడతాయో ఇప్పుడే చెప్పవచ్చు.