లైన్ అంటే దారమే
(స్వర్ణోత్సవ సభలో ఒక పూర్వ విద్యార్థి ప్రసంగ పాఠం)

 

ఎనిమిదో తరగతిలో ఇంగ్లీషు మాస్టారు ‘లైన్ అంటే ఏమిటి?’ అని అడిగారు. ఒకడు గీత అన్నాడు. ఒకడు వరుస అన్నాడు. నేను లేచి ‘దారమండీ’ అన్నాను. క్లాసంతా గొల్లుమంది.

మాస్టారు నవ్వలేదు. ‘నీకెవరు చెప్పార్రా?’ అని అడిగారు. ‘మా నాన్నండీ’ అన్నాను. మా నాన్న వన్ టౌన్‌లో తాపీమేస్త్రీ. గోడ ఈ చివర నుంచి ఆ చివరకు దారం కట్టి ‘లైన్ పట్టుకోరా’ అనేవాడు. నాకు తెలిసిన లైన్ అదొక్కటే.

మర్నాడు మాస్టారు పెద్ద నిఘంటువు తెచ్చి నాచేతే చదివించారు. లాటిన్‌లో ‘లీనుమ్’ అంటే అవిసె. దాని నారతో తీసిన దారం ‘లీనియా’. అదే ఇంగ్లీషులో లైన్ అయింది. మన వస్త్రలతలో అమ్మే లినెన్ గుడ్డ దానికి తోబుట్టువే. ‘వీడు చెప్పిందే పాత అర్థం. మీరు చెప్పినవి తర్వాత పుట్టాయి’ అన్నారు మాస్టారు.

నిజమే. దారం బిగించి లాగితే గీత. గీత వెంట నిలబడితే వరుస. పట్టాలు పరిస్తే రైల్వే లైన్. మనది జంక్షన్ ఉన్న ఊరు కదా, ‘లైన్ క్లియర్’ అన్న రైల్వే మాట పెళ్లి సంబంధాల దాకా వచ్చేసింది! దసరాకు కొండమీద అమ్మవారి దర్శనానికి ‘క్యూలైన్’లో నిలబడతాం. రెండు మాటలకూ అర్థం ఒకటే, అయినా మనకు రెండూ కావాలి. కుర్రకారు ‘లైన్ వేయడం’ గురించి మాత్రం గురువుల ఎదుట చెప్పను.

ఈ విద్య ఇంగ్లీషుకే రాలేదు. సూత్రం అంటే దారమే. మెడలో మంగళసూత్రమైంది, లెక్కల్లో సూత్రమైంది, నాటకంలో సూత్రధారుడైంది. తంతి అంటే వీణ తీగ. టెలిగ్రాఫ్ తీగలు వచ్చాక టెలిగ్రామూ తంతే అయింది. 2013 జూలైలో మన దేశంలో టెలిగ్రాం ఆగిపోయింది. వీణకు తంతి అలాగే ఉంది.

ఇక్కడున్న ఉపాధ్యాయులకు ఒక్క మనవి. పిల్లవాడు వేరే అర్థం చెబితే వెంటనే తప్పనకండి. ఆ మాట వాడికి ఎక్కడ దొరికిందో అడగండి. ఆ రోజు మాస్టారు అడగకపోతే నేను క్లాసులో మళ్లీ నోరు విప్పేవాణ్ణి కాదు. మా నాన్న పని చెప్పుకోవడానికి సిగ్గుపడేవాణ్ణి. ఆ సాయంత్రం మాస్టారన్న మాట చెబితే, నాన్న చేతిలోని దారపుండ వంక చూసుకుని నవ్వాడు.