ముఖం చూసి ముద్ర

ఎదుటివాడు నమ్మదగినవాడో కాదో తేల్చేయడానికి మనకు సెకనులో పదోవంతు చాలని 2006లో ప్రిన్స్‌టన్ పరిశోధకులు చూపారు. ఇంకాసేపు ముఖం చూపిస్తే అభిప్రాయం పెద్దగా మారలేదు, ధీమా మాత్రం పెరిగింది!

మన యర్రగొండపాలేనికి తేనె డబ్బాతో వచ్చిన చెంచు గిరిజనుణ్ణి చూడగానే ‘అడవి మనిషి, వీడికేం తెలుసు’ అని ధర తగ్గించి అడిగేవాళ్లున్నారు. అదే మనిషి నాగార్జునసాగర్–శ్రీశైలం పులుల అభయారణ్యంలో కాపలాదారు కావచ్చు. మట్టిలో అడుగుజాడ చతురస్రంలా ఉంటే మగపులి, కాస్త పొడవుగా ఉంటే ఆడపులి అని చెప్పగలడు. అది తెలిశాక మన గొంతులోకి ‘అన్నా’ వస్తుంది. చిత్రమే!

చట్టాలూ ఇలాగే తొందరపడ్డాయి. మరో గిరిజన తెగ ఎరుకలవారిని పుట్టుకతోనే నేరస్థులన్న చట్టం దేశమంతటా రద్దయింది 1952లో. మనమైనా తొందరపడకుండా, ఈసారి తేనె కొంటే, బేరానికి ముందు రెండు మాటలు మాట్లాడండి.