మూలకణ చికిత్స – మన బాధ్యత

సర్వస్తోత్రాలు అల్లాహ్‌కే. సోదరులారా! ప్రతి వ్యాధికీ మందును అల్లాహ్ దించాడని దైవప్రవక్త (స) మనకు బోధించారు; దానిని వెదకడం మన విధి. మన ఉదయగిరి, ఆత్మకూరు ప్రాంతాలలో ఇంటికి సున్నం వేసే వేళ అది కంట పడితే చూపే పోవచ్చు. హైదరాబాదులోని ఎల్.వి. ప్రసాద్ నేత్ర వైద్య సంస్థ వైద్యులు రోగి మరో కంటి నల్లగుడ్డు అంచు నుండి సుమారు 2 మిల్లీమీటర్ల కణజాలం తీసి, దెబ్బతిన్న కంటిపై నాటి, అందులోని మూలకణాలతో ఎందరికో చూపు తెప్పించారు. ఇందులో ఏ ప్రాణానికీ హాని లేదు.

పిండాల మాట వేరు. 2003లో మక్కాలోని ఇస్లామీ ఫిఖ్ మండలి వయోజనుల కణాలను, బొడ్డుతాడు కణాలను అనుమతించింది. కణాల కోసమే పిండాన్ని సృష్టించడాన్ని, గర్భస్రావం చేయించడాన్ని నిషేధించింది. కనుక ఆశను అమ్మే ప్రకటనలను నమ్మి పొలం అమ్ముకోకముందే నమ్మకమైన వైద్యుణ్ణీ, ఆలిమ్‌నూ సంప్రదిద్దాం.

అల్లాహ్ మన రోగులకు స్వస్థతను, మనకు వివేకాన్ని ప్రసాదించుగాక! ఆమీన్.