రాతినార రేకులు దింపించునపుడు

మన పల్లెలలోను, పట్టణముల శివార్లలోను తాటాకు కప్పు పోయి దాని స్థానమున వచ్చినది బూడిదవన్నె సిమెంటు రేకు. అది నిప్పంటుకొనదు, చెదపట్టదు, తుప్పుపట్టదు. ధర కూడ సామాన్యునకు అందుబాటులోనిదే. అందుచేత వంటయింటికి, వసారాకు, పశువుల కొట్టమునకు, అద్దెగదుల వరుసకు, కోళ్ళ షెడ్డుకు, తుదకు బడికిని అదియే కప్పైనది. అట్టి రేకులలో పెక్కింటికి ఇప్పుడు 30, 40 ఏండ్లు నిండినవి. కొన్ని ఎండకు వానకు పెళుసెక్కినవి. కొన్ని కోతుల గంతులకు పగిలినవి. వానిని తీసివేసి ఇనుపరేకులు వేయించుకొనువారు, శ్లాబు పోయించుకొనువారు ఊరూర కలరు. ఆ పాత రేకులను ఎవరిచేత, ఎట్లు దింపించవలెనన్నదే నేటి ప్రసంగ విషయము.

సిమెంటు రేకు అను పేరు సగమే నిజము. ఆ రేకులో సిమెంటుతోపాటు నూటికి సుమారు 8 నుండి 10 పాళ్ళు ఆస్‌బెస్టాస్ ఉండును. దానికి మన భాషలో రాతినార అని పేరు. స్వభావమంతయు ఆ పేరులోనే ఉన్నది. అది రాయియే, కాని నారవలె చీలును. చీలినకొలది మరింత సన్నని పోగులై, తుదకు కంటికి కానరాని సూదులై గాలిలో గంటల తరబడి తేలియాడును. ఇది మనకు దూరపు వస్తువు కాదు. కడప జిల్లా పులివెందుల ప్రాంతమున రాతినార గనులు చాలకాలము నడచినవి. గనుల కౌళ్ళను పునరుద్ధరించుటను భారత ప్రభుత్వము 1993లో నిలిపివేసినది. రేకుల తయారీ మాత్రము ఆగలేదు. ముడిసరుకు ముఖ్యముగా రష్యా వంటి విదేశములనుండి వచ్చుచున్నది.

ఆ పోగులు ఊపిరితోపాటు లోనికి పోయినచో తిరిగి వెలికి వచ్చుట కష్టము. శరీరము వానిని కరిగించలేదు. ఏండ్లు గడచినకొలది ఊపిరితిత్తులు గట్టిపడి ఆయాసము కలుగవచ్చును. దానిని ఆస్‌బెస్టోసిస్ అందురు. ఊపిరితిత్తుల క్యాన్సరు రావచ్చును. ఊపిరితిత్తుల పైపొరకు వచ్చు మెసోథీలియోమా అను దారుణమైన క్యాన్సరు రావచ్చును. దక్షిణాఫ్రికాలో వాగ్నర్ అను వైద్యుడును, ఆయన సహచరులును 1960లో ఇట్టి 33 మంది రోగులను గూర్చి వ్రాసిరి. వారిలో గనులలో ఏనాడును పనిచేయక, గనుల చెంత నివసించినవారు కూడ ఉండిరి. 1965లో లండనునందు జరిగిన మరియొక పరిశోధనలో, పనివారి దుమ్ముబట్టలను ఉతికిన ఇల్లాండ్రకు సైతము ఈ వ్యాధి సోకినట్లు తేలినది. దుమ్ము పీల్చిన నాటికిని, వ్యాధి బయటపడు నాటికిని నడుమ తరచు 20 మొదలు 40 ఏండ్లు గడచును. అందుచేతనే ఈనాడు రేకు పగులగొట్టినవానికి ఈనాడు దగ్గు రాదు, భయమును కలుగదు.

అట్లని రేకుల క్రింద కాపురముండువారు ఈ రాత్రియే కలవరపడనక్కరలేదు. చెక్కుచెదరని రేకులో పోగులు సిమెంటులో బిగిసి యుండును. దానిని కదపకుండుటయే మేలు. తీగల కుంచెతో పాచి గీకరాదు, రంపముతో కోయరాదు, డ్రిల్లుతో రంధ్రము చేయరాదు. అపాయమంతయు విరుచుటలోను, పొడిచేయుటలోను ఉన్నది. మన యూళ్ళలో రేకులు దింపు పద్ధతి సరిగా అదియే. తుప్పుపట్టిన బోల్టు ఊడిరానిచో సుత్తితో రేకునే పగులగొట్టుదురు; ముక్కలను పైనుండి క్రిందికి విసరుదురు; సాయంకాలము చీపురుతో ఊడ్చి రోడ్డు గుంటలో పోయుదురు. ఇంతలో పిల్లలు చుట్టును చేరియుందురు.

ఆస్ట్రేలియాలో రాతినార వాడకమును 2003 చివరతో పూర్తిగా నిషేధించిరి. అచ్చటి పెక్కు రాష్ట్రములలో 10 చదరపు మీటర్లకు మించిన రాతినార రేకులను లైసెన్సు గల పనివారే తీయవలెను. పని ముగిసిన పిమ్మట దానితో సంబంధము లేని మరియొక నిపుణుడు వచ్చి, స్థలము శుభ్రమైనదని వ్రాసి ఇచ్చినగాని ఇంటివారు లోనికి పోరాదు. మన దేశమున ఇండ్లనుండి రాతినార తీయువారికి అట్టి ప్రత్యేకమైన లైసెన్సు పద్ధతి లేదు. కనుక ఆ పరీక్ష చేయవలసినవాడు ఇంటి యజమానియే.

పనికి వచ్చు కాంట్రాక్టరును కూలి ఎంత అని అడుగుటకు ముందు అయిదు ప్రశ్నలు అడుగుడు. రాతినార రేకులను లోగడ దింపినావా? రేకులను తడిపి దింపెదవా? పనివారికి ఏ మాస్కు ఇచ్చెదవు? పైకెక్కువాడు పడకుండ ఏమి కట్టెదవు? దింపినవానిని ఎచ్చట వేసెదవు?

వీనికి సరియైన జవాబులు ఇవి. సబ్బు కొంచెము కలిపిన నీటిని మెల్లగా చిలుకరించి, రేకులను తడిగా ఉంచవలెను. వేగముగా నీరు కొట్టు యంత్రమును వాడరాదు. బోల్టులను విప్పియో, కత్తిరించియో రేకును నిండుగా దింపి చేతికి చేయి అందించవలెను. తువ్వాలు ముఖమునకు చుట్టుకొన్నంత మాత్రమున ఈ పోగులు ఆగవు. రాతినార పోగులను ఆపుటకు తగిన మాస్కు ముఖమునకు అంటుకొని ఉండవలెను. మాస్కు తీసి బీడీ కాల్చుట పనికిరాదు; పొగత్రాగు అలవాటును, రాతినారయు కలిసినచో ఊపిరితిత్తుల క్యాన్సరు ముప్పు అనేక రెట్లు పెరుగును. పాత రేకుపై నేరుగా కాలు మోపరాదు. అది మనిషి బరువునకు విరిగి ప్రాణము తీయవచ్చును. వాసములమీద బల్లలు పరచి, నడుమునకు బెల్టుతాడు కట్టవలెను. దిగిన రేకులను మందపు ప్లాస్టిక్ పట్టలో చుట్టి, అతికించి, లోన నున్నది రాతినారయని పైన వ్రాయవలెను. నేలను తడిగుడ్డతో తుడువవలెను. పనిబట్టలను ఇంటికి కొనిపోరాదు. పని జరుగుచున్నంతసేపు ఇంటిలోని పిల్లలను, వృద్ధులను పొరుగూరి చుట్టముల ఇంటికి పంపుట మంచిది.

“పాత రేకులు నేనే పట్టుకుపోతానండీ, కూలి తగ్గిస్తాను” అనువారు కలరు. ఆ రేకులు మరియొకరి కోళ్ళగూటికో, చెరువుగట్టుకో చేరును. ప్రమాదకరమైన వ్యర్థములను పూడ్చుటకు హైదరాబాదు శివార్లలో దుండిగల్ వద్దను, విశాఖపట్నమునకు సమీపమున పరవాడ వద్దను ప్రత్యేక స్థలములున్నవి. పురపాలక సంఘమునుగాని, కాలుష్య నియంత్రణ మండలి ప్రాంతీయ కార్యాలయమునుగాని ముందే వ్రాతమూలముగా అడిగి, సరుకు ఎచ్చటికి చేరవలెనో తేల్చుకొని పిమ్మటనే నిచ్చెన వేయించుడు.

ఇంత చేసినచో ఖర్చు పెరుగదా అని అడుగవచ్చును. పెరుగును. ఆ ఖర్చు ఎవరి కొరకో ఆలోచింపవలెను. రాతినార పనివారిని గూర్చి సుప్రీంకోర్టు 1995లో తీర్పు చెప్పుచు, ప్రతి కార్మికుని ఆరోగ్య వివరములను పని మొదలిడినది లగాయతు 40 ఏండ్లవరకుగాని, పని మానిన పిమ్మట 15 ఏండ్లవరకుగాని, ఏది తరువాత వచ్చిన అంతవరకు భద్రపరచవలెనని యజమానులను ఆదేశించినది. కర్మాగారపు పనివానికి ఆ తీర్పు అండ కలదు. అడ్డామీద నుండి మనము పిలుచుకొని వచ్చిన రోజుకూలికి ఏ పుస్తకములోను పేరుండదు. 30 ఏండ్ల పిమ్మట అతనికి ఆయాసము వచ్చిననాడు, ఏ యింటి కప్పు దింపినపుడు ఆ దుమ్ము పీల్చెనో అతనికే గుర్తుండదు.

మన యింటి పైకప్పు దింపు ఆ ఒక్క దినమున అతనికి యజమానులము మనమే. మాస్కు వెలయు, తడుపునీటి శ్రమయు, అదనపు కూలియు అతని ఊపిరికి మనము చెల్లించు బాకీ అని మేము తలచుచున్నాము.