నొప్పి లేని జ్ఞానదంతం తీయించుకోవాలా?

ఎక్స్‌రేలో జ్ఞానదంతం అడ్డంగా ఉంది, నొప్పి లేదు, అయినా తీసేద్దాం అన్నారు డాక్టర్. ఏం చేయాలి?

2020లో కోక్రేన్ వాళ్ళు దీని మీద వచ్చిన స్టడీలన్నీ వెతికారు. జబ్బు లేని జ్ఞానదంతాన్ని తీసేస్తే మంచిదా, ఉంచితే మంచిదా అని పోల్చినవి ఎన్ని దొరికాయో తెలుసా? రెండే రెండు! మొత్తం 493 మంది. ఎటూ తేల్చలేం అన్నారు. "ముందు పళ్ళు వంకరపోతాయి, తీసేయండి" అంటారు చూడండి, ఆ రెండిట్లో ఒకటి అదే చూసింది. టీనేజర్లని ఐదేళ్ళు గమనిస్తే చెప్పుకోదగ్గ తేడా లేదు.

బ్రిటన్‌లో నైస్ సంస్థ 2000లోనే ఆరోగ్యంగా ఉన్న జ్ఞానదంతాలు తీయొద్దంది. నడుస్తున్న కోడ్ ముట్టుకోకు అనేవాళ్ళం ఆఫీసులో. పంటికి అది సగమే వర్తిస్తుంది. చిగురు మాటిమాటికీ వాస్తున్నా, పన్ను బాగా పుచ్చినా, సిస్ట్ ఉన్నా తీయించుకోవాల్సిందే. ఉంచుకుంటే చెకప్ మానకూడదు, పక్క పన్ను పుచ్చిపోవచ్చు.

కింది పన్నైతే నరం దగ్గర్లో ఉంటుంది. దానికి దెబ్బ తగిలితే పెదవి మొద్దుబారుతుంది, అరుదుగా అలాగే ఉండిపోతుంది. అందుకే డేట్ ఫిక్స్ చేసుకునే ముందు రెండు ప్రశ్నలు అడగండి: "ఎక్స్‌రేలో జబ్బేమైనా కనిపిస్తోందా డాక్టర్ గారూ? నరానికి ఎంత దగ్గర?"